సెల్ఫ్ సర్వ్ కార్ వాష్‌లో బే పాడుచేసి వెళ్లే కస్టమర్లతో ఎలా వ్యవహరించాలి

ఆదివారం పొద్దున ఆరున్నర. ముందురోజు గట్టి వాన పడింది. మాది కస్టమర్లే డబ్బు వేసి తమ కారు తామే కడుక్కునే సెల్ఫ్ సర్వ్ వాష్. అందులో మూడో బే, అంటే కారు నిలిపి కడుక్కునే గది, నిండా చీలమండ లోతు నల్లటి బురద. గోడల మీద మనిషెత్తు వరకు మరకలు. మధ్యలో నీళ్లు పోయే గుంత మీది ఇనుప గ్రేటు కనపడటమే లేదు. నేను పార తీసుకుని వచ్చేలోపే ఒక తెల్ల కారు ఆ బే ముందు ఆగింది. లోపలున్న ఆవిడ తలుపు కొంచెం తెరిచి, కిందికి చూసి, తన చెప్పులు చూసుకుని, మళ్లీ తలుపు వేసుకుని వెళ్లిపోయింది. పక్కన ఐదు బేలు శుభ్రంగానే ఉన్నాయి. ఆవిడ వాటివైపు చూడనే లేదు.

ఈ వ్యాపారంలో ఏ చిన్న నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా నాకు ఆవిడే గుర్తొస్తుంది. బురద చేసి వెళ్లినవాడి మీద కోపం రావడం సహజం. కానీ మనం నిలబెట్టుకోవాల్సింది అతని తర్వాత వచ్చే మనిషిని. ఈ మాట మనసులో పెట్టుకుంటే ఎవరిని ఆపాలో, ఎవరిని వదిలేయాలో, దేనికి డబ్బు ఖర్చు పెట్టాలో తొందరగా తేలిపోతుంది.

మాది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన, ఆరు బేలు, నాలుగు వ్యాక్యూమ్‌లు ఉన్న పాత వాష్. ఉద్యోగం చేసుకుంటూ పక్కన ఇలాంటిది కొందామనుకునే మన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. బ్రోకర్లు దీన్ని మనిషి అక్కర్లేని వ్యాపారం అని అమ్ముతారు. పంపులు, డబ్బు వేస్తే నిమిషాల లెక్కన నీళ్లు వదిలే మీటర్లు, కార్డ్ రీడర్ల వరకు ఆ మాట నిజమే. చెత్త విషయంలో మాత్రం కాదు. కొనకముందు అందరూ నెలకి ఎంత మిగులుతుందని అడుగుతారు. కొన్న రెండు నెలలకి ఫోన్ చేసి, ఈ గలీజు చేసేవాళ్లతో ఎలా వేగాలి అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను.

1. బురదని, చెత్తని వేరుగా చూడండి

కస్టమర్ మనకి డబ్బు కట్టేదే మురికి వదిలించుకోవడానికి. కాబట్టి బండికి అంటుకుని వచ్చిన మట్టి ఎంత ఉన్నా అది తప్పు కాదు. డాలస్ చుట్టుపక్కల నేల ఎలాంటిదో ఇక్కడున్నవాళ్లకి తెలుసు. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని పిలిచే ఈ నేల మన రేగడికి చుట్టమే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది, చెప్పుకి అంటుకుంటే వదలదు. టెక్సస్ రాష్ట్ర మట్టిగా చెప్పుకునే హ్యూస్టన్ బ్లాక్ కూడా ఈ జాతిదే. వాన పడ్డాక కట్టుబడి సైట్ల నుంచి, పొలాల నుంచి వచ్చే పికప్ ట్రక్కు చక్రాల్లో అది బుట్టలకొద్దీ ఉంటుంది. ఆ ట్రక్కువాడు 15 నిమిషాలు మీటరు నడిపిస్తాడు. మామూలు కారువాడు నాలుగైదు నిమిషాల్లో వెళ్లిపోతాడు. బురద ట్రక్కు మనకి మంచి బేరం. వాణ్ణి తిట్టి పంపితే నష్టం మనకే.

రెండో రకం, బండితో పాటు వచ్చినా కార్ వాష్‌లో వదలకూడనివి. గడ్డి కోసేవాళ్ల ట్రైలర్లోని తుక్కు, పశువుల ట్రైలర్లోని పేడ, పెయింటర్ల బ్రష్‌లు, సిమెంటు పనివాళ్ల తట్టలు. తుపాకితో జింకలని వేటాడే సీజన్ ఇక్కడ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అప్పటి నుంచి ట్రక్కు వెనక తొట్టిలో రక్తం కడుక్కునేవాళ్లు వస్తారు. వీళ్లలో ఎక్కువమందికి అది తప్పని తెలియదు. చెబితే వింటారు.

మూడో రకం, కావాలని తెచ్చి పారేసేది. ఇంటి చెత్త సంచులు, పరుపులు, పాత టైర్లు, వాడేసిన ఇంజన్ ఆయిల్. ఇది మన సొమ్ము తీసుకుపోవడమే, ఎందుకంటే దాన్ని తీసి పారేయించే ఖర్చు మనది. వీళ్ల దగ్గర మెత్తదనం పనికిరాదు.

ఈ మూడింటినీ ఒకే కోపంతో చూడటమే కొత్త ఓనర్లు చేసే పెద్ద పొరపాటు. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. బురద ట్రక్కు కుర్రాళ్లతో వాదించి మంచి బేరం పోగొట్టుకున్నాను. రాత్రి పరుపులు పడేసేవాళ్లని మాత్రం పట్టుకోలేకపోయాను.

2. మూడు వారాలు నోట్‌బుక్ రాయండి

ఏమీ కొనకముందు, ఏ బోర్డూ పెట్టకముందు ఇది చేయండి. రోజూ వెళ్లినప్పుడల్లా తేదీ, టైము, ఏ బే, ఏ రకం చెత్త, అంతే. కెమెరా ఉంటే ఎన్ని గంటలకి జరిగిందో వెనక్కి తిప్పి చూసి రాయండి.

మూడు వారాల్లో మీకే ఒక లెక్క కనిపిస్తుంది. మా దగ్గర తేలింది ఇది: బురద వాన తర్వాతి రెండు రోజుల్లోనే వస్తోంది. గడ్డి తుక్కు మంగళవారం, గురువారం సాయంత్రాలు వస్తోంది, అది కూడా ఒకే కంపెనీ ట్రైలర్ నుంచి. ఇంటి చెత్త నెలాఖరులో పడుతోంది, అంటే పక్క అపార్ట్‌మెంట్లు ఖాళీ చేసేవాళ్లది. లెక్కలేనంతమంది గలీజు చేస్తున్నారనుకున్నది నిజానికి పదిమంది లోపే. ఇది తెలిశాక నా టెన్షన్ సగం తగ్గింది.

3. స్థలాన్ని సర్దండి

బురద ట్రక్కులకి ఒక బే కేటాయించండి. రోడ్డు మీంచి చూస్తే కనపడని చివరిది అయితే మేలు. మాది ఆరోది. అక్కడ ట్రక్కులు, ట్రైలర్లు అని పెద్ద అక్షరాలతో రాయించాను. గోడకి ఒక చదును పార, ఒక గట్టి చీపురు తగిలించాను. దొంగిలిస్తారని అందరూ భయపెట్టారు. రెండు పారలు పోయాయి, నిజమే. పార పోయినా పోయింది ఇరవై, ముప్పై డాలర్లు. కానీ చేతికి అందేచోట పార ఉంటే చాలామంది తమ బురద తామే పక్కకి లాగుతారని నేను ముందు నమ్మలేదు. కళ్లతో చూశాక నమ్మాను.

ఆ బేలో మీటరు పక్కన ఇంకో ఏర్పాటు చేయండి: కడగడం అయ్యాక నేల కడుక్కోవడానికి ఒక నిమిషం ఉచితం. కొన్ని మీటర్లలో దీన్ని బటన్‌గా పెట్టించవచ్చు. లేకపోతే ఫోన్ చేస్తే దూరం నుంచే టైము వేసేలా కార్డ్ సిస్టమ్‌లో కుదురుతుందేమో మీకు అమర్చిన కంపెనీని అడగండి. మనిషి తన డబ్బు పెట్టి మన నేల కడగడు. అది న్యాయం కూడా కాదు. ఒక నిమిషం నీళ్లు, కరెంటు ఖర్చు మన మనిషి వచ్చి చేసే పనితో పోలిస్తే ఏమీ కాదు.

తర్వాత చెత్త డబ్బాలు. కారులోని కాగితాలు, కప్పులు బయటపడేది వ్యాక్యూమ్ దగ్గర. కాబట్టి ప్రతి వ్యాక్యూమ్ పక్కన ఒక డబ్బా ఉండాలి, చేయి చాపితే అందేంత దగ్గర. పది అడుగులు నడవాల్సి వస్తే కప్పు నేల మీదే ఉంటుంది. డబ్బా మూతకి గుండ్రటి చిన్న రంధ్రం ఉండాలి, కాఫీ కప్పు పట్టాలి గానీ ఇంటి చెత్త సంచి పట్టకూడదు. ఈ ఒక్క మార్పుతో మాకు సంచులు సగానికి పైగా తగ్గాయి. డంప్‌స్టర్ని, అంటే పెద్ద చెత్త తొట్టిని, మాత్రం వెనక కంచె లోపల పెట్టి తాళం వేయండి. తెరిచి ఉంచిన డంప్‌స్టర్ ఊరందరినీ పిలుస్తుంది.

లైట్లు. రాత్రి చీకటిగా ఉన్న బేలోనే ఆయిల్ మారుస్తారు, అక్కడే పరుపులు పడతాయి. ఒక్క బల్బు పోయినా ఆ రోజే మార్చండి.

4. పొద్దున్నే కడగండి, తడి ఆరకముందే

మన ఊళ్లో తెల్లవారుజామున కళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన వాకిట్లో ఎవరూ చెత్త వేయరు. పక్కింటి ముందు, ఊడ్వని చోట వేస్తారు. ఇక్కడా మనుషులు అంతే. శుభ్రంగా ఉన్న బేలోకి వచ్చినవాడు తన కప్పు తానే తీసుకెళ్తాడు. అప్పటికే రెండు కప్పులు పడి ఉంటే మూడోది తనదీ అక్కడే పడుతుంది.

రోజుకి రెండుసార్లు: పొద్దున జనం రాకముందు, సాయంత్రం ఆఫీసులు వదిలాక. వాన పడ్డ మర్నాడు మూడోసారి. జులై, ఆగస్టుల్లో ఎండ వంద ఫారన్‌హీట్ దాటినప్పుడు ఈ నల్లమట్టి గంటల్లోనే అచ్చుపోసినట్టు గట్టిపడుతుంది. తడిగా ఉన్నప్పుడు పది నిమిషాల్లో పోయేది ఎండాక గంట పడుతుంది.

కడిగే వరస కూడా ముఖ్యం. మా దగ్గర మొదట చేరిన కుర్రాడు గొట్టం పట్టుకుని బురదంతా గుంతలోకి తోసేసేవాడు. నేల మెరిసేది, గుంత నిండిపోయేది. అలా చేయకండి. ముందు పారతో ముద్దలు ఎత్తి తొట్టిలో వేయండి. ఆ తర్వాత గోడలు పైనుంచి కిందికి కడగండి. చివర నేల, అంచుల నుంచి మధ్యలో ఉన్న గుంత వైపుకి. ఎప్పుడూ బే బయటికి, పార్కింగ్ వైపుకి తోయకండి. పార్కింగ్‌లో ఉండే స్టార్మ్ డ్రెయిన్ వాన నీళ్లు పోయేది, మురుగు కాలువ కాదు. అందులో పడ్డది ఎక్కడా శుద్ధి కాదు. నేరుగా వాగుల్లోకి, మా వైపు అయితే అక్కడి నుంచి ట్రినిటీ నదిలోకి పోతుంది. వాహనాలు కడిగిన నీళ్లు అలా వదిలితే నగరం జరిమానా వేయవచ్చు. 1972 నాటి క్లీన్ వాటర్ చట్టం కిందికి వచ్చే విషయం అది.

ఫోమ్ బ్రష్‌ని, అంటే సబ్బు నురగ వచ్చే బ్రష్‌ని, మర్చిపోకండి. బురద బండి మీద నేరుగా బ్రష్ రుద్దితే ఇసుక ఆ కుచ్చులో ఇరుక్కుంటుంది. తర్వాత వచ్చినవాళ్ల కారు పెయింటు మీద గీతలు పడతాయి. గీతలు పడ్డ మనిషి మళ్లీ రాడు, ఎందుకు రాలేదో మీకు తెలియను కూడా తెలియదు. ప్రతి బ్రష్‌నీ పొద్దున గట్టి నీళ్లతో కుచ్చు విడదీసి కడగండి. బ్రష్ తగిలించే చోటే, కంటి ఎత్తులో, ముందు నీళ్లతో కొట్టండి, తర్వాతే బ్రష్ అని రాసి పెట్టండి.

5. గుంత గురించి తెలుసుకోండి

ఇది చాలామంది ఓనర్లు చూడని చోటు. బేలోంచి నీళ్లు గుంతలోకి వెళ్తాయి. బరువైన ఇసుక, మట్టి అడుగుకి దిగుతాయి. నూనె పైకి తేలుతుంది. మధ్యలోని నీరు మాత్రం తర్వాతి తొట్టికి, అక్కడి నుంచి నగరం మురుగు పైపుకి వెళ్తుంది. అడుగున మట్టి పెరిగేకొద్దీ నీరు నిలిచే చోటు తగ్గుతుంది, మట్టి కూడా పైపులోకి పోవడం మొదలవుతుంది. శనివారం మధ్యాహ్నం పైపు మూసుకుపోయి నీళ్లు బేలోకి ఎదురు తన్నాయంటే ఆ రోజు వ్యాపారం అయిపోయినట్టే.

నెలకోసారి ఒక పొడవాటి కర్రతో లోతు కొలవండి. కర్ర మెత్తగా తగిలేచోటి నుంచి గట్టిగా తగిలేచోటు వరకు ఉన్నదంతా మట్టే. నేను మూడో వంతు నిండగానే పంపింగ్ ట్రక్కుని పిలుస్తాను. టెక్సస్‌లో ఈ మడ్డిని తీసుకెళ్లేవాళ్లకి రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూ రిజిస్ట్రేషన్ ఉండాలి. తక్కువకి చేస్తానని వచ్చే రిజిస్ట్రేషన్ లేనివాడు దాన్ని ఎక్కడ పారబోస్తాడో మీకు తెలియదు. తీసుకెళ్లిన ప్రతిసారీ ఇచ్చే మ్యానిఫెస్ట్ కాగితం, అంటే మడ్డి ఎక్కడికి వెళ్లిందో రాసిన రసీదు, ఫైల్‌లో పెట్టండి. మా దగ్గరికి వచ్చిన నగర ఇన్‌స్పెక్టర్ మొదట అడిగినవి అవే.

ఎవరినీ గుంతలోకి దింపకండి, మీరూ దిగకండి. గడ్డి తుక్కు కుళ్లితే కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మూసి ఉన్న చోట అది ప్రాణం తీస్తుంది.

6. బోర్డు తక్కువ మాటల్లో, రెండు భాషల్లో

నేను కొన్నప్పుడు ఈ వాష్ గోడల మీద పదకొండు బోర్డులున్నాయి. అన్నీ ఎర్ర అక్షరాలు, అన్నీ వద్దు, వద్దు అనేవే. ఎవరూ చదివేవాళ్లు కాదు. అన్నీ తీసేసి బేకి ఒకటి పెట్టాను. దాని అర్థం తెలుగులో చెబితే ఇది: తర్వాత వచ్చేవాళ్ల కోసం నేల కడిగి వెళ్లండి, నిమిషం మా ఖర్చు. కింద నా ఫోన్ నంబరు.

టెక్సస్‌లో స్పానిష్ లేకుండా బోర్డు పెట్టడం దండగ. తోట పనివాళ్లు, కట్టుబడి పనివాళ్లు చాలామంది చదివేది అదే. మీరూ నాలుగు మాటలు నేర్చుకోండి: బసూరా అంటే చెత్త, లోదో అంటే బురద, అసేయ్‌తే అంటే నూనె, పోర్ ఫావోర్ అంటే దయచేసి. పోర్ ఫావోర్, నో తిరే బసూరా అకీ అంటే దయచేసి ఇక్కడ చెత్త వేయకండి అని. మన ఉచ్చారణ ఎలా ఉన్నా, వాళ్ల భాషలో ఒక మాట ప్రయత్నించామని చూసి ముఖం మెత్తబడుతుంది. మనం ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఎవరైనా నమస్తే అంటే మనకి ఎలా ఉండేదో అలాగే.

ఆయిల్ మార్చడం, పెయింటు, సిమెంటు, పశువుల ట్రైలర్లు, ఈ నాలుగూ నిషేధమని మాత్రం బొమ్మలతో ఒక బోర్డు ఉండాలి. రేపు పోలీసుల దాకా వెళ్తే, ముందే చెప్పాం అనడానికి అదే ఆధారం.

7. ఎదురుపడినప్పుడు ఎలా మాట్లాడాలి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. కొందరు అసలు మాట్లాడరు, కెమెరాలో చూస్తూ ఇంట్లో కూర్చుని రగిలిపోతారు. కొందరు కారు దిగుతూనే అరుస్తారు. రెండూ వద్దు.

పగటిపూట అయితేనే వెళ్లండి. రాత్రి ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకండి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండిన చాలామంది లైసెన్సు లేకుండానే చేతి తుపాకి పెట్టుకుని తిరగవచ్చు. ముక్కూమొహం తెలియని మనిషితో గడ్డి తుక్కు కోసం గొడవ పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

వెళ్లేటప్పుడు చేతిలో చీపురో పారో ఉండాలి, ఫోన్ కాదు. ఫోన్ ఎత్తితే వీడియో తీస్తున్నామని ముందే బిగుసుకుంటారు. చీపురుంటే మనమూ పనిచేసే మనిషిమేనని తెలుస్తుంది. కాస్త దూరంలో, వాళ్లకి కనపడే వైపు నిలబడండి. కారు కడిగే నీళ్ల గన్‌లోంచి నీళ్లు వెయ్యి పీఎస్‌ఐకి పైనే ఒత్తిడితో వస్తుంటాయి, వెనక నుంచి పలకరిస్తే తిరిగేసరికి మీ మీదే పడతాయి.

మొదట పలకరింపు, తర్వాత సాయం, చివర విషయం. నేను అనేది దాదాపు ఇలా ఉంటుంది: నమస్కారం సార్, ఈ వాష్ నాదే. మట్టి బాగా పట్టినట్టుంది, చక్రాల లోపల కొట్టాలంటే ఆ మూల నుంచి కొడితే తొందరగా పోతుంది. అయిపోయాక ఆ ముద్దలు పారతో పక్కకి లాగుతారా, నేల కడగడానికి నేను నిమిషం వేస్తాను. ఇందులో తప్పు పట్టిన మాట ఒక్కటీ లేదు. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది సరే అంటారు, కొందరు సారీ కూడా చెబుతారు.

సరే అననివాళ్లతో రెండోసారి వాదించకండి. పర్వాలేదు, నేను చూసుకుంటాను అని వెనక్కి రండి. బండి నంబరు గుర్తుపెట్టుకోండి. అదే బండి మళ్లీ వస్తే తర్వాతి మెట్టు ఉంది, కింద చెబుతాను.

కుక్కని బేలో కడిగేవాళ్లు కనపడితే మాత్రం వెంటనే వెళ్లి ఆపండి. ఆ ఒత్తిడి చర్మాన్ని చీలుస్తుంది, ఆ సబ్బు కారు కోసం చేసింది. అది తెలియక ప్రేమతోనే చేస్తారు. ఒక బకెట్టు మామూలు నీళ్లు ఇచ్చి పంపండి.

8. అలవాటుగా వచ్చేవాళ్లతో ఒప్పందం

గడ్డి తుక్కు తెచ్చే కంపెనీ ట్రైలర్ సంగతి చెప్పాను కదా. రెండు గురువారాలు కాపు కాసి వాళ్ల మేస్త్రీతో మాట్లాడాను. వాళ్లకి కావాల్సింది రోజు చివర ట్రైలర్ కడుక్కోవడం. నాకు కావాల్సింది తుక్కు గుంతలో పడకపోవడం. ట్రైలర్‌ని ముందు ఊడ్చి, తుక్కు వాళ్ల సంచుల్లోనే ఉంచుకుని వస్తే, ఆరో బేలో వాళ్లకి నెలవారీ రేటు ఇస్తానన్నాను. ఒప్పుకున్నారు. అప్పటిదాకా నాకు తలనొప్పిగా ఉన్నవాళ్లు ఇప్పుడు నెల నెలా చెప్పిన రోజుకి డబ్బు కట్టే కస్టమర్లు. వేరే ట్రైలర్‌వాడు ఎవడైనా తుక్కు దులిపితే ఆ మేస్త్రీయే నాకు ఫోన్ చేస్తాడు.

పెయింటర్లతో, సిమెంటువాళ్లతో ఇలాంటి ఒప్పందం పెట్టుకోకండి. పెయింటు, సిమెంటు నీళ్లు ఎంత తక్కువైనా పైపుని, నీటిని పాడుచేస్తాయి. అక్కడ వద్దు అంటే వద్దే.

9. ఆయిల్, సూదులు, రక్తం

వాడేసిన ఇంజన్ ఆయిల్ నేల మీద కనపడితే నీళ్లు కొట్టకండి. కొడితే అది గుంతలోకి పోతుంది. పిల్లుల తొట్టిలో వాడే బంకమట్టి గింజల బస్తా ఒకటి ఎప్పుడూ గదిలో ఉంచుకోండి. చుట్టూ గట్టులా పోసి, మధ్యలో చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి సంచిలో కట్టండి. ఒక గ్యాలన్ ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఆయిల్ తెచ్చినవాడు ఎదురుపడితే దగ్గర్లోని ఆటో పార్ట్స్ షాపు దారి చూపండి. పెద్ద షాపులు చాలావరకు వాడిన ఆయిల్‌ని ఉచితంగానే తీసుకుంటాయి. కొందరికి ఈ సంగతి తెలియకే మన దగ్గర పారబోస్తారు.

వాడి పారేసిన ఇంజెక్షన్ సూదులు వ్యాక్యూమ్ డ్రమ్ములో, డబ్బాల్లో దొరుకుతాయి. ఒట్టి చేత్తో డబ్బాలోకి చేయి పెట్టకూడదు, చెత్త సంచిని కాళ్లకి ఆనించి మోయకూడదు. పట్టకారుతో తీసి, బట్టల సబ్బు నీళ్లు వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయకండి. పనికి పెట్టుకున్న కుర్రాడికి ఇది మొదటి రోజే నేర్పండి. మందమైన గ్లౌజులు మీరే కొనివ్వండి.

వేట రక్తం, వాంతి, పేడ ఉన్నచోట బ్లీచ్ వాడాలనిపిస్తుంది. వాడొచ్చు, కానీ ముందు నేలంతా మామూలు నీళ్లతో బాగా కడగండి. చక్రాలు కడిగే కొన్ని మందుల్లో ఆసిడ్ ఉంటుంది. దాని మీద బ్లీచ్ పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది.

10. వ్యాక్యూమ్‌లు

తడి చెత్త, ఫ్రెంచ్ ఫ్రైలు, పిల్లల సాక్సులు, నాణేలు, అన్నీ గొట్టంలోకి పోతాయి. డ్రమ్ము రోజూ ఖాళీ చేయండి. గొట్టం మూసుకుపోతే పైన విప్పి, చివర నుంచి వెనక్కి తోయండి, వేళ్లు పెట్టకండి. ఉంగరాలు, తాళాలు దొరికితే తేదీ రాసిన కవర్లో పెట్టి దాచండి. ఒకావిడ పెళ్లి ఉంగరం తొమ్మిది రోజుల తర్వాత అడుగుతూ వచ్చింది. కవర్ తీసి ఇచ్చాను. ఆవిడ వాళ్ల వీధివాళ్లందరికీ మా వాష్ గురించి చెప్పింది.

11. చెప్పినా వినకపోతే

కావాలని పారేసేవాళ్ల కోసం రెండు కెమెరాలు సరైనచోట ఉంటే చాలు. ఒకటి బండి నంబరు ప్లేటు ఎత్తులో, లోపలికి వచ్చే దారిలో. రెండోది డంప్‌స్టర్ వైపు. పైకప్పు మీద పెట్టిన కెమెరాల్లో మనుషుల టోపీలు తప్ప ఏమీ కనపడవు. మాటల రికార్డింగ్ మాత్రం ఆపేయండి. మనం లేని సంభాషణని రికార్డు చేయడం టెక్సస్ చట్టం ఒప్పుకోదు.

పారేసిన వస్తువుని ముట్టుకోకముందు ఫోటోలు తీయండి. సంచుల్లో చిరునామా ఉన్న కవర్లు ఉంటే అవి కూడా. తర్వాత 911 కాదు, మీ పోలీస్ డిపార్ట్‌మెంట్ నాన్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. టెక్సస్‌లో అక్రమంగా చెత్త పారేయడం ఆరోగ్య, భద్రతా చట్టం 365వ అధ్యాయం కిందికి వస్తుంది. 5 పౌండ్ల లోపు అయితే 500 డాలర్ల వరకు జరిమానా. 5 పౌండ్లు దాటితే కనీసం క్లాస్ బి నేరం, జైలు కూడా పడవచ్చు. ఒక్క పరుపు 5 పౌండ్ల కంటే ఎంత బరువో మీకు తెలుసు. పోలీసులు మొదటిసారి పెద్దగా పట్టించుకోకపోవచ్చు. అయినా ఫిర్యాదు నంబరు తీసుకోండి. మూడు ఫిర్యాదులు ఒకే బండి మీద ఉంటే నాలుగోసారి మాట్లాడే తీరు మారుతుంది.

మళ్లీ మళ్లీ వచ్చి పాడుచేసే మనిషిని మన స్థలంలోకి రావద్దని ఆపే హక్కు మనకి ఉంది. పోలీసుల సమక్షంలో ట్రెస్‌పాస్ వార్నింగ్ ఇప్పించండి. ఆ తర్వాత అడుగుపెడితే అది నేరం. దీన్ని ఎప్పుడోగానీ వాడకండి. ఇన్నేళ్లలో నేను ఇద్దరికే ఇప్పించాను. ఒకడు ఆయిల్ పారబోసేవాడు, ఇంకొకడు మా పనికుర్రాణ్ణి కొట్టబోయినవాడు.

పారేసినవాడి ఫోటోని ఊరి సోషల్ మీడియా గ్రూపుల్లో పెట్టాలని మనసు లాగుతుంది. పెట్టకండి. పొరపాటున వేరే మనిషి అయితే అతనికి జరిగే నష్టాన్ని మనం పూడ్చలేం.

12. తర్వాత వచ్చినవాళ్లు ఫోన్ చేస్తే

బోర్డు మీద నంబరు పెట్టాక ఫోన్లు వస్తాయి. బే అంతా బురదగా ఉంది, డబ్బులు వేసేశాను అని. వాళ్లతో ఎవరు చేశారో, ఎందుకు చేశారో వివరించకండి. సారీ చెప్పండి, ఇంకో బేకి వెళ్లమని చెప్పి అక్కడ టైము వేయండి. అది కుదరకపోతే, మళ్లీ వచ్చినప్పుడు మీ పేరు చెప్పి ఫోన్ చేయండి, ఆ వాష్ ఖర్చు నాది అనండి. పేరు, కారు రంగు నోట్‌బుక్‌లో రాసుకోండి, మర్చిపోతే పరువు పోతుంది.

ఫోన్ చేసినవాళ్లు మనకి సాయం చేస్తున్నట్టే లెక్క. ఆ రోజు తెల్ల కారావిడ దగ్గర నా నంబరు లేదు. ఇప్పుడు ఆరు బేల గోడల మీదా ఉంది. శని, ఆదివారాలు పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది వరకు ఆ ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.